పున్నయ్యగారి ఐసు

పొద్దున్నే పాప పక్కబట్టలు ఉతకడానికి బకెట్టు మీద వంగితే, రాత్రంతా చుట్టచుట్టి ఉన్న తడిలోంచి ఒక ఘాటు ముక్కుకు తగులుతుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. పసిబిడ్డలున్న ప్రతి ఇంట్లోనూ ఉండే వాసనే అది. అయినా నేను బెంబేలు పడతాను. ఇంత ఘాటుగా ఉండవచ్చా, పిల్ల నీళ్ళు సరిగా తాగడం లేదా, డాక్టరుగారిని అడగాలా అని పది రకాలుగా ఆలోచిస్తాను. ఆ కంగారు కొంచెం సర్దుకున్నాక అదే వాసన నన్ను మరో చోటికి తీసుకుపోతుంది. రేపల్లెలో కాలవగట్టు పక్కన ఒక రేకుల షెడ్డు, కాళ్ళ కింద చెక్క మూతలు, ఆ మూతల కింద గడ్డకడుతున్న నీళ్ళు, గోడలకు పట్టిన అమ్మోనియా వాసన. అది పున్నయ్యగారి ఐసు ఫ్యాక్టరీ. డిగ్రీ అయ్యాక నేను మొదటి జీతం తీసుకున్న చోటు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు. పోయిన వానాకాలం నుంచి పున్నయ్యగారు కూడా లేరు.

ఇన్నాళ్ళూ ఆయన గురించి నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పవలసి వచ్చిన రోజున నోరు మెదపలేకపోయాను. ఈమధ్య తెనాలిలో మా ఇంటికి భోజనానికి వచ్చిన మామగారి స్నేహితుడొకాయన, "పెళ్ళికి ముందు ఎక్కడ చేసేదానివమ్మా?" అని అడిగారు. రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీలో అన్నాను. ఆయన చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, "ఎవరూ, గుల్ల ఐసు పున్నయ్య దగ్గరా? ఆ మారాజు ఐసు పట్టుకెళ్తే చేపలు సముద్రంలోనే పులుసైపోయేవంట కదా!" అని పెద్దగా నవ్వారు. అందరూ నవ్వారు. నేను పెరుగు వడ్డించి వంటింట్లోకి వచ్చి, ఖాళీ గిన్నె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పున్నయ్యగారికి ఆ పేరు తెచ్చిపెట్టింది నేను. అక్కడ భోజనం చేస్తున్న వాళ్ళలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. పాప నిద్రపోయాక రోజుకు కొంచెం చొప్పున ఇది రాయడం అందుకే మొదలుపెట్టాను.

మాది రేపల్లె పక్కన నగరం అనే ఊరి దగ్గర పల్లె. నాన్న పోయాక ఇంట్లో అమ్మ, చదువుకుంటున్న చెల్లెలు, నేను. బాపట్లలో బీయస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసి, ఎక్కడా ఉద్యోగం దొరక్క కూర్చున్న రోజుల్లో పున్నయ్యగారికి యంత్రాల రీడింగులు రాసే మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. అప్పటికే అరవై దాటిన మనిషి. మోకాళ్ళ దాకా మడిచి కట్టిన పంచె, దానిమీద చేతుల్లేని ఉన్ని స్వెట్టరు. మండు వేసవిలో రేపల్లె మొత్తం మీద స్వెట్టరు వేసుకుని తిరిగే మనిషి ఆయనొక్కరే. నా సర్టిఫికెట్లు చేత్తో కూడా తాకలేదు.

"కెమిస్ట్రీయా? అయితే చెప్పు, నీళ్ళు ఎప్పుడు గడ్డకడతాయి?" అన్నారు.

"సున్నా డిగ్రీల దగ్గరండి."

"అది మీ కాలేజీలో. మా రేపల్లెలో కరెంటు ఉన్నప్పుడు గడ్డకడతాయి." అక్కడున్న కూలీలు నవ్వారు. ఆయన నవ్వలేదు. "రేపు వచ్చెయ్. స్వెట్టరొకటి తెచ్చుకో. నీకు జలుబు చేస్తే మీ అమ్మ నన్ను తిడుతుంది."

ఐసు చేయడం బయటినుంచి చూసేవారికి చాలా తేలికగా కనిపిస్తుంది. నేలలోకి కట్టిన పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్ళు ఉంటాయి. అమ్మోనియా గొట్టాలు ఆ నీళ్ళను సున్నాకు ఎంతో కిందికి చల్లబరుస్తాయి. అందులో వరసలు వరసలుగా ఇనప డబ్బాలు దించి మంచినీళ్ళు నింపుతారు. డబ్బాలో నీళ్ళు అంచుల నుంచి లోపలికి గడ్డకడుతూ వస్తాయి. చిట్టచివరికి గడ్డకట్టేది నడిమి. పైనుంచి చూస్తే దిమ్మ అంతా తెల్లగా ఉండి, మధ్యలో మాత్రం నల్లటి చార కనిపిస్తుంది. ఆ నలుపు పోయేదాకా ఆగాలి. ఆగకుండా తీస్తే పైకి గట్టిగానే ఉంటుంది కానీ లోపల నీళ్ళుంటాయి. దాన్నే గుల్ల ఐసు అంటారు. పడవవాళ్ళు దిమ్మలను దిమ్మలుగానే ఎక్కించుకుని, సముద్రంలో చేపలు పడ్డకొద్దీ పగలగొట్టుకుంటారు. గుల్ల దిమ్మ అయితే ఆ సంగతి వాళ్ళకు తెలిసేది నడిసముద్రంలోనే.

ఆ షెడ్డులో పనిచేసేది ఎనిమిది మందిమి. కానీ పున్నయ్యగారు దాన్ని ఎప్పుడూ ఎనిమిది మంది ఫ్యాక్టరీ అనేవారు కాదు. దిమ్మలు కరగకుండా కప్పడానికి ఊక తెనాలి రైసు మిల్లుల నుంచి వచ్చేది. ఆ ఊక తోలే ట్రాక్టర్లు, దిమ్మలను రేవుకు చేర్చే ఆటో ట్రాలీలు, గేటు ముందు టీ కొట్టు, దాని పక్కన ఇడ్లీలమ్మే ఇద్దరు అక్కచెల్లెళ్ళు, బుట్టలల్లేవాళ్ళు, మేం విసిరేసిన ఐసు ముక్కలు ఏరుకెళ్ళి సోడాలమ్మే ముసలాయన, ఇంతమందికి ఆ కంప్రెసరు చప్పుడు ఇంటి గుండెకాయలా వినిపించేది. ఒక మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ పున్నయ్యగారు నన్నడిగారు.

"మనం ఈ కంప్రెసరు ఆపితే ఎన్ని పొయ్యిలు ఆరిపోతాయో ఎప్పుడన్నా ఆలోచించావా అమ్మాయ్?"

"ఐసు వల్ల పొయ్యిలు వెలగడమేంటి బాబాయిగారూ?"

"అదే మరి, మీ కాలేజీలో చెప్పని కెమిస్ట్రీ." పచ్చడి నా వైపు జరిపి, కాసేపటికి మళ్ళీ ఆయనే అన్నారు. "ఈ నేలలో వరికి కొదవ లేదు, సముద్రంలో చేపకి కొదవ లేదు. అయినా మనోళ్ళు ఊళ్ళొదిలి పోతున్నారెందుకు? పండిందీ పట్టిందీ అలాగే లారీ ఎక్కించి పంపేస్తున్నాం. దానిమీద ఇక్కడ నాలుగు చేతులు పడాలి. మిల్లో, లేతో, ఐసో, ఏదో ఒకటి ఇక్కడ తయారవ్వాలి. అప్పుడే ఆ ఊరు నిలబడుద్ది."

అభివృద్ధి అనే మాట ఆయన నోట నేను వినలేదు. ఆ మాట వాడేవాళ్ళు అప్పట్లో బాపట్ల వైపు కడుతున్న రొయ్యల ఫ్యాక్టరీ గురించి మాట్లాడేవారు. అది మాలాంటి షెడ్లు యాభై పట్టేంత పెద్దది. కర్లపాలెం వైపు పల్లెల నుంచి ఆడపిల్లలను రొయ్యలు ఒలవడానికి బస్సుల్లో తీసుకెళ్ళడం మొదలైంది. సొంతానికి ఐసు అక్కడే చేసుకుంటారని, మిగిలింది పడవలకూ అమ్ముతారని వార్త వచ్చింది. టీ కొట్టతను, "ఏంటి పున్నయ్యగారూ, మీ పని అయిపోయినట్టేనా?" అంటే, "ఆడపిల్లలకి పని దొరుకుతోందిగా, ఏడవమంటావా?" అన్నారు. కానీ ఆ సాయంత్రం కంప్రెసరు పక్కన స్టూలు వేసుకుని ఊరికే దాన్నే చూస్తూ కూర్చున్నారు.

మా ఐసు తీసుకునే పడవల్లో సగానికిపైగా నాంచారమ్మ మాట మీద నడిచేవి. ఆమె భర్తకు ఒక పడవ ఉండేది. చుట్టుపక్కల పడవలకు ఐసు మాట్లాడేదీ, వచ్చిన చేప బేరం చేసేదీ ఆమే. ఆమె వస్తే షెడ్డంతా దద్దరిల్లేది.

"ఏం పున్నయ్యన్నా, ఐసు పెట్టావా, అద్దం పెట్టావా?"

"మొహం చూసుకునే కొనుక్కో నాంచారమ్మా. తర్వాత బాగాలేదంటే నా పూచీ లేదు."

నాంచారమ్మ నిలబడితే ఫ్యాక్టరీ నిలబడుతుంది, ఆమె బాపట్ల వైపు తిరిగితే ఫ్యాక్టరీ లేదు. ఇది అందరికీ తెలుసు. చేరి మూడు వారాలే అయినా నాకూ తెలుసు.

కంప్రెసరు పైన గోడకు ఒక పాత గడియారం ఉండేది. అది బ్యాటరీది కాదు, తీగతో కరెంటుకు తగిలించినది. నేను చేరిన రోజు అది గంట వెనకుంది. తర్వాత రెండు గంటలు. నాలుగో వారంలో ఒక పొద్దున చూస్తే ఏకంగా నాలుగు గంటలు వెనకుంది. పక్కనే నల్లబల్ల మీద ఏ వరస డబ్బాలు ఎప్పుడు నింపారో, ఎప్పుడు తీయాలో ఆ గడియారం చూసే సుద్దతో రాసేవారు. చదువుకున్నదాన్ని కదా, ఇంత పెద్ద ఫ్యాక్టరీలో గడియారం సరిగా ఉంచుకోవాలని ఒక్కరికీ తోచదేమిటని చిరాకు పడ్డాను. ఆ రోజు పున్నయ్యగారు అరిగిపోయిన పంపు షాఫ్టు పట్టుకుని తెనాలి లేతు షాపుకు వెళ్ళారు. నేను స్టూలెక్కి, ఫోనులో టైము చూసి, ముల్లు నాలుగు గంటలు ముందుకు తిప్పాను. కిందికి దిగి చేతులు దులుపుకున్నాను. ఒక మంచి పని చేశాననే అనుకున్నాను.

మధ్యాహ్నానికి నాంచారమ్మ ట్రాలీ వెంట వచ్చింది. నల్లబల్ల ప్రకారం ఆ వరస తీసే వేళ అయింది. దిమ్మలు తీసే దాసు మూత ఎత్తి లోపలికి తొంగిచూశాడు. నేను ముల్లు తిప్పిన సంగతి అతనికి తెలియదు.

"అమ్మా, నడిమి ఇంకా నల్లగా అవపడతందే."

"టైము దాటింది దాసూ. గడియారం చూడు."

అతను తల గోక్కున్నాడు. "గడియారమైతే అయిందనే అంటందమ్మా..."

"పోటు నీకోసం ఆగుద్దంట్రా? ఎక్కించు!" అని నాంచారమ్మ కేకేసింది. దాసు నా వైపు చూశాడు. నేను తలూపాను. ఆ తలూపడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళుగా దిమ్మలు తీస్తున్న మనిషి కళ్ళతో చూసి చెప్పినదాన్ని, గోడ మీద ముల్లు చూపించి కొట్టిపారేశాను.

సాయంత్రం పున్నయ్యగారు తిరిగొచ్చి, గుమ్మంలోనే ఆగి గడియారం వైపు చూశారు. తర్వాత నల్లబల్ల వైపు చూశారు. "ఎవరు తిప్పారు?" అన్నారు.

"నేనేనండి. నాలుగు గంటలు వెనకుంటే సరిచేశాను."

"సరిచేశావా" అని, ఆయన మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు. కోప్పడలేదు. కరెంటు పోతే కంప్రెసరు ఆగుతుందనీ, దాంతోపాటే గడియారమూ ఆగుతుందనీ, పోయిన గంటలు నీళ్ళ లెక్కలోకి రాకూడదనే ముప్పై ఏళ్ళ కిందట దాన్ని ఆ తీగకు కట్టారనీ చెప్పారు. ఊళ్ళో ఎంత టైమైందో ఆ గడియారానికి అక్కర్లేదు. నీళ్ళు ఎన్ని గంటలు చలిలో ఉన్నాయో అంతే చెబుతుంది. "ముట్టుకోవద్దని అందరికీ చెప్పి, నీకు మాత్రం చెప్పడం మరిచా" అన్నారు. వెంటనే ఫోన్లు చేశారు. నాంచారమ్మావాళ్ళ పడవ అప్పటికే ఫోను అందనంత దూరం వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఐదు రోజులు ఆయన పొద్దునా సాయంత్రమూ కాలవగట్టు మీదికి వెళ్ళి నిలబడేవారు. నేను అన్నం తినలేకపోయాను. ఉద్యోగం పోతే చెల్లెలి చదువు ఏమవుతుందన్నదే నా భయం. సిగ్గుగా ఉన్నా నిజమే రాస్తున్నాను. పడవలో ఉన్న వాళ్ళ గురించి నేను ఆలోచించింది ఆ తర్వాతే.

ఆరో రోజు నాంచారమ్మ గేటు ముందు ఒక బుట్ట బోర్లించింది. మెత్తబడి, పొట్టలు పగిలిన చేపలు. ఐసు రెండో రోజుకే నీళ్ళయిపోయిందట. ఐదు రోజుల వేట మొత్తం కోళ్ళ మేత కింద అమ్ముకోవాల్సి వచ్చిందట. టీ కొట్టు దగ్గరి జనమంతా మూగారు.

"ముప్పై ఏళ్ళు నీ మొహం చూసి ఐసు కొన్నా పున్నయ్యన్నా! ఇదేనా నువ్విచ్చేది? గుల్ల ఐసు!"

నేను ముందుకు ఒక అడుగు వేశాను. పున్నయ్యగారు నా వైపు తిరగకుండానే, "అమ్మాయ్, రీడింగు టైమైంది, లోపలికెళ్ళు" అన్నారు. అప్పుడే ఒక రీడింగు రాసి వచ్చాను. అయినా లోపలికి వెళ్ళాను. ఆయన మాట నాకు వినిపిస్తూనే ఉంది. "తప్పు నాదేనమ్మా. పడవలు పోతాయని తొందరపడి తీయించా. వయసైపోయింది, కంటికి ఆనడం లేదు." ఎవరో నవ్వారు. దాసు నా పక్కనే నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు అడిగాను, ఎందుకలా చెప్పారని. "నీ పేరు చెబితే ఆ చేపలు లేచి ఈదుతాయా ఏంటి?" అన్నారు. అక్కడితో ఆ మాట అయిపోయింది. ఆ రోజు నుంచి మాత్రం ప్రతి వరసా తీసే ముందు నన్ను పిలిచేవారు. వంగి నడిమి చూడమనేవారు. నలుపుకీ నీడకీ తేడా ఎలా తెలుస్తుందో, గొట్టం మీద మంచు ఏ రంగులో ఉంటే గ్యాసు తగ్గినట్టో నేర్పారు. మూతపడబోతున్న ఫ్యాక్టరీలో అంత శ్రద్ధగా పని నేర్పే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

రెండు నెలల్లో పడవలు ఒక్కొక్కటే బాపట్ల ఐసుకు తిరిగాయి. వెళ్ళేవాళ్ళందరూ ఒకే మాట అన్నారు, పున్నయ్య ఐసు గుల్ల అని. ఆ మాట ఆయన పేరు ముందు చేరిపోయింది. ఏడాది తిరక్కుండానే కంప్రెసరు ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో షెడ్డు చుట్టూ ఉన్న బతుకులు వరసగా ఆగిపోవడం నేను చూశాను. మొదట ఊక ట్రాక్టర్లు, తర్వాత ఇడ్లీల అక్కచెల్లెళ్ళు, వేసవి వెళ్ళేసరికి టీ కొట్టు. సోడాల ముసలాయన కొన్నాళ్ళపాటు అలవాటుగా గేటు దాకా వచ్చి వెళ్ళేవాడు. డబ్బాలను తెనాలిలో పాత ఇనుముతో బొమ్మలు చేసేవాళ్ళు లారీలో తీసుకెళ్ళారు. పున్నయ్యగారు నన్ను తెనాలి లేతు షాపులో పనికి కుదిర్చారు. "నడిమి చూసి మరీ పని చేసే పిల్ల" అని వాళ్ళకు చెప్పారట. అలా తెనాలి వచ్చాను, ఇక్కడే పెళ్ళయింది. ఆయనను చూడటానికి రెండుసార్లే వెళ్ళాను. కడుపుతో ఉన్నప్పుడు వెళ్ళిన రెండోసారి, ఎండలో వరండాలో స్వెట్టరు వేసుకునే కూర్చున్నారు. ఆ సంగతి ఎత్తబోతే, "డాక్టరేమన్నాడో అది చెప్పు" అన్నారు.

మా ఇంట్లో ఆ నవ్వులు విన్న వారానికి దాసుకు ఫోను చేసి నాంచారమ్మ ఎక్కడుందో కనుక్కున్నాను. బాపట్ల దగ్గర కూతురింట్లో ఉంటోందన్నాడు. ఆదివారం పాపను ఎత్తుకుని రైలెక్కాను. మనిషి సగమైపోయింది, గొంతు మాత్రం అలాగే ఉంది. పాపను లాక్కుని ఒళ్ళో వేసుకుంది. నేను కూర్చోకుండానే, "పిన్నీ, ఆ రోజు గుల్ల ఐసు ఎక్కించింది నేను. గడియారం తిప్పింది నేనే" అన్నాను.

"తెలుసులేమ్మా" అంది ఆమె, పాప కాళ్ళు నిమురుతూ.

నేను అక్కడే నేల మీద కూర్చున్నాను.

"బుట్ట కుమ్మరించిన రోజే, పొద్దుగూకేటప్పుడు సైకిలేసుకుని మా ఇంటికొచ్చాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. 'ముగ్గురాడోళ్ళు ఆ పిల్ల జీతమ్మీద బతుకుతున్నారు నాంచారమ్మా, పేరు బయటపడితే ఇంకెవరూ పనివ్వరు' అన్నాడు. మా ఆయనక్కూడా చెప్పలా నేను."

"మరి తెలిసి కూడా ఐసు ఎందుకు మానేశారు పిన్నీ?"

ఆమె పాప గౌను సర్దింది. "అందుకు మానలేదమ్మా. ఈ రొయ్యల ఫ్యాక్టరీవోళ్ళు రేవుకే లారీ పంపుతామన్నారు. చవకన్నారు. ముప్పై ఏళ్ళు చేసిన మనిషికి చవక కోసం పోతన్నామని ఏ మొహం పెట్టుకుని చెబుతాం? నీ ఐసు గుల్ల అంటే సరిపోయింది. అందరూ అదే అన్నారు. నేనూ అన్నా." పాపను భుజాన వేసుకుంది. "ఆయనకీ తెలుసు. ఒక్క మాటనలా."

పడవ అమ్మేశారు. ఆమె కూతురు రొయ్యల ఫ్యాక్టరీలో ఒలుపు పనికి వెళుతోంది. రోజంతా చలిలో నాని వేళ్ళ చివరలు తెల్లబడ్డాయి. ఆర్డర్లు లేవని నెలలో సగం రోజులు బస్సు రావడం లేదట. ఆ రోజు కూడా రాలేదు. ఆ అమ్మాయి నాకు టీ ఇచ్చి, పనికి పిలుస్తారేమోనని ఫోను చూసుకుంటూ గుమ్మంలో కూర్చుంది.

తిరుగు రైల్లో నాకు ఏడుపు రాలేదు. ఫ్యాక్టరీ మూతపడింది నావల్లనే అనుకుని ఇన్నేళ్ళు మోశాను. అది పూర్తిగా నిజం కాదని తెలిశాక బరువు తగ్గాలి కదా, తగ్గలేదు. నేను దాచుకున్న తప్పు వెనక ఒక రేవంతా తన సిగ్గును దాచుకుంది. ఇద్దరి తప్పులూ కలిసి ఒక మనిషి పేరు మీద పడ్డాయి. ఆయన వాటిని కాదనకుండా వెళ్ళిపోయారు. పాపకు మందు చుక్కలు పోసేటప్పుడు సీసా మీద రాసింది మూడుసార్లు చదువుతాను. అయినా చుక్కలు లెక్కపెట్టి, మళ్ళీ సీసా చూస్తాను. పొరపాటు జరిగితే గేటు దగ్గర నిలబడి నాదేనని చెప్పే మనిషి ఇప్పుడు నాకు లేరు. ఆ చోట ఇక నేనే నిలబడాలి.

మామగారి స్నేహితుడు వచ్చే నెల మళ్ళీ మా ఇంటికి వస్తున్నారు. ఈసారి ముందు మాట చెప్పి, పెరుగు ఆ తర్వాత వడ్డిస్తాను. ఆయనకు చెప్పవలసింది ముందుగా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. పున్నయ్యగారి ఐసు గట్టిది. ముప్పై ఏళ్ళలో ఒక్క రోజు గుల్లయింది. ఆ ఒక్క రోజూ నాది.